డోర్‌మ్యాట్ దులపడం గురించి

పై పోర్షన్ అక్కగారికి,

కింది పోర్షన్ నుంచి నమస్కారం. ఎదురుగా అడుగుదామంటే నోరంతా పుళ్ళు, అందుకే ఈ ఉత్తరం. తెచ్చిన మా ఆయన్ని ఏమీ అనకండి. ఆయనకు ఎదురు చెప్పడం రాదు. ఏమున్నా నాకోసం దాచండి.

నాకు క్యాన్సరని తెలిసిన రోజు నుంచి మీరు నా బట్టల మీద డోర్‌మ్యాట్ దులపడం మానేశారు. మెట్ల మీద కనబడితే "ఏమ్మా, కాస్త ఎంగిలిపడ్డావా?" అంటున్నారు. ఇన్నేళ్ళూ "ఒసేయ్ గయ్యాళీ" అని పిలిచిన మనిషేనా అని మా ఆయన హడలిపోతున్నారు.

మందు ఎక్కించాక అన్నం సున్నంలా, కాఫీ తుప్పులా ఉంటోంది. నాకింకా రుచి తెలిసేది మన పోట్లాట ఒక్కటే. దాన్ని కూడా ఆపేస్తే ఎలా?

చిన్న సర్దుబాట్లు మాత్రం కావాలి. మందు ఎక్కించిన వారం నేను తిట్టలేను. మీరు కానిస్తూ ఉండండి, జవాబు ఆ పై వారం చెబుతాను. "జుట్టు పట్టుకుని ఈడుస్తా" అన్న మాట కొన్నాళ్ళు పక్కన పెట్టండి. పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

నిన్న వానొస్తే నా బట్టలు తీసి, చక్కగా మడతపెట్టి, మా గుమ్మంలో పెట్టి వెళ్ళారు. డాక్టరుగారు రిపోర్టు చదివినప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు. ఆ మడతలు చూస్తే వేసింది.

ఇవాళ ఎండ బాగుంది. తెల్లదుప్పటి ఉతికించి, సరిగ్గా మీ బాల్కనీ కిందే ఆరేయించాను. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఇట్లు,
గయ్యాళి