శంఖం ఊదించాను

అమ్మా, నేను బాగానే ఉన్నాను, బెంగపడకు.

ఊరందరికీ ఉచితంగా పెట్టిన మా కథల పండుగ ఇవాళ మట్టికొట్టుకుపోయింది. చక్రాల కుర్చీల వాళ్లకని చెక్క బాట కూడా వేశాం. ఎవరూ రాకపోయేసరికి, మన కొండ మీద జనాన్ని పిలిచినట్టే శంఖం ఊదించాను. ఈ సముద్రపు ఊళ్లో శంఖమంటే చేపల పడవ ఒడ్డుకొచ్చిందని గుర్తట! అందరూ గిన్నెలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. “కథలు వేయించుకు తినమంటావా, వెర్లిన్?” అని తిట్టి వెళ్లిపోయారు. ఇక నా మొహం ఎవరు చూస్తారు?

నాన్న దగ్గు తగ్గిందా? జాజికాయ నూనె ఒక సీసా పంపు. అందరినీ అడిగానని చెప్పు.

ఇస్మే పెద్దమ్మ అని ఈ ఊరి ముసలావిడ ఒక్కతే వెళ్లలేదు. మార్చిలో వేటకెళ్లి తిరిగిరాని కొడుకు పడవే వచ్చిందనుకుంది. ముందు వరుసలో, ఒళ్లో ఖాళీ గిన్నెతో ఇంకా కూర్చునే ఉంది. కుర్చీలు తీసేయాలి. ఏం చెప్పి లేపనమ్మా?

నీ వెర్లిన్