ఖాదర్ గారికి, నేను కొట్టివేసిన పేరా గురించి

ఖాదర్ గారికి నమస్కారములు.

మీరు వెళ్లిపోయి మొన్నటి శుక్రవారానికి ఆరేళ్లు నిండాయి. ఇన్నాళ్లకు వ్రాస్తున్నందుకు మన్నించండి. తెలుగు పండితుణ్ణి, మాటలు కరువని చెప్పుకోలేను. ధైర్యమే కరువైంది...

సాంబశివరావు గుర్తున్నాడా? మీరు సైన్యం వదిలి మన పాఠశాలలో డ్రిల్లు మాస్టరుగా ఉన్న రోజుల్లో పదో తరగతి. జట్టులో అందరికన్నా పొట్టివాడు. కాలువగట్టు బురదలో మీరు పాకడం నేర్పుతుంటే, మోచేతులు చెక్కుకుపోయినా లేచేవాడు కాదు. "చెంప నేలకు ఆనించరా. నేల నిన్ను దాచుకుంటుంది. తల ఎత్తావో, మీ తెలుగు మాస్టారు నీమీద సంతాప పద్యం రాస్తారు, అది చావుకన్నా ఘోరం" అనేవారు మీరు. వరండాలో నిలబడి వినేవాణ్ణి. కోపమూ వచ్చేది, నవ్వూ వచ్చేది.

వాడిప్పుడు ఫిరంగి దళంలో ఉన్నాడు. సెలవు మీద వచ్చి, పోయిన వారం మంగళవారం మా ఇంటికి వచ్చాడు. తుపాకి ముట్టక మూడేళ్లయిందట. కొండల వెనుక నిలిపిన లారీలో, టీవీ వంటి తెర ముందు కూర్చోవడమే వాడి ఉద్యోగం. పైన పైలట్ లేని విమానం తిరుగుతూ ఉంటుంది. పత్రికలు దానిని మానవరహిత విమానమని వ్రాస్తున్నాయి. అది ఒంటి వేడిని చూస్తుందట. చీకటి, పొద, చెట్టు నీడ... మీరు పిల్లలకు చూపిన చాటులేవీ దాని ముందు చాటులు కావు. మనిషి తెల్లగా కనబడతాడు. సాంబశివుడు చోటు చెబుతాడు. ఎక్కడో ఉన్న ఫిరంగి పేలుతుంది.

ఒక తెల్లవారుజామున ఐదుగురు కనబడ్డారు. మొదటి గుండు నలుగురిని ముక్కలు చేసింది. ముక్కలు కూడా తెల్లగానే కనబడతాయట, కొంతసేపు...

ఐదో మనిషి పాకాడు. చెంప నేలకు ఆనించి, ఎడమ మోచెయ్యి, కుడి మోకాలు. ముమ్మూర్తులా మీరు నేర్పినట్టే. ఎడమ కాలు మోకాలి కింద లేదు, వెనుక తెల్లటి చార. ఆ మనిషి ఎటు పోతాడో సాంబశివుడికి తెలిసిపోయింది. పక్కనున్న పల్లంలోకి. మీరైనా అటే పొమ్మనేవారు కదా? రెండో గుండును పల్లంలోకే అడిగాడు. మనిషీ గుండూ ఒక్కసారే చేరారు. కదలిక లేదని రూఢి చేయాలి కనుక, ఆ తెలుపు చల్లారి రాతి రంగులో కలిసేదాకా చూస్తూ కూర్చున్నాడు.

ఇదంతా చెప్పి, సోమవారం తిరిగి వెళ్లవలసినవాడు, వెళ్లనన్నాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో మీరు ఒక మనిషిని తుపాకి చివరి కత్తితో పొడిచి చంపారు కదా, ఆ తరువాత ఏం చేశారని నన్ను అడిగాడు. పాఠశాల సంచికలోని మీ వ్యాసం వాడికి కంఠస్థం. అందులో ఆ తరువాత లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు...

మీరు వ్రాశారు. నేను ఎర్ర సిరాతో కొట్టివేశాను. పిల్లలు చదవదగినది కాదనుకున్నాను. "వాడు నా తుపాకి గొట్టం పట్టుకొని దాహం అన్నాడు. నా సీసాలో నీళ్లు నోట్లో పోశాను. మెడ గాయంలోంచి బయటికి వచ్చేశాయి. అయినా సీసా అయిపోయేదాకా పోశాను." ఆ చోట జెండా రెపరెపలాడే నాలుగు వాక్యాలు చేర్చి, గవర్నర్‌పేట అచ్చాఫీసుకు పంపాను. అచ్చయినది చదివి మీరు నవ్వారు. "యుద్ధం నాకన్నా మీరే బాగా చేశారండీ, మాస్టారూ" అన్నారు. దానిని మెప్పుగా తీసుకున్నాను. ఆ వ్యాసం చదివాకే సాంబశివుడు సైన్యంలో చేరాడట. మంగళవారమే తెలిసింది.

కొట్టివేసిన పేరా వాడికి చెప్పాను. కొట్టివేసినది నేనేనని కూడా చెప్పాను. శిష్యుడి ముందు తల వంచడం నా జీవితంలో అదే మొదలు. వాడు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. మీకు దాహం అడిగే నోరైనా ఎదురుగా ఉందన్నాడు. తనకూ ఆ మనిషికీ మధ్య రెండు కొండలున్నాయి, నీళ్లు ఎక్కడ పోయాలని అడిగాడు.

ఖాదర్ గారూ, దీనికి జవాబు మీ దగ్గరైనా ఉందా?

వాడు సోమవారం వెళ్లిపోయాడు. నేను పొమ్మనలేదు, వద్దనలేదు. తాను వెళ్లకపోతే ఆ తెర ముందు కూర్చోబెట్టేది తనకన్నా చిన్నవాణ్ణట...

మళ్లీ సెలవుకు వస్తే, మీ సమాధి దగ్గరకు నేనే వెంటబెట్టుకొని వస్తాను. రాకపోతే ఒక్కణ్ణే వస్తాను. వాడి ప్రశ్న మిమ్మల్ని నేనే అడుగుతాను.

మీ సహోపాధ్యాయుడు,
తెలుగు మాస్టారు