దేవుడి దీపానికి స్విచ్

ముత్తియాల్‌పేట, పుదుచ్చేరి

నాగకుమారి అక్కకు, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు.

పాప చెవులు కుట్టే వేళకు రాలేకపోయానని ఒకటే బాధగా ఉంది. మా ఇంటి ఓనరు రంగరాజన్‌గారి వ్యాన్‌లోనే, అదే లోపల పడకలు అమర్చిన టూర్ల బండిలోనే కదా యానాం రావాలనుకున్నాం. అందులో దేవుడి పటం ముందు చిన్న ఎల్ఈడీ దీపాన్ని బ్యాటరీకి నేనే కలిపాను. స్విచ్ పెట్టబోతే వాళ్ళావిడ లోగనాయకమ్మ, "సామి దీపం ఆర్పేదానికి స్విచ్ ఏందప్పా" అంది. ఎల్ఈడీకి కరెంటు ఏపాటి పడుతుందిలే అని నేనూ ఊరుకున్నాను. వానలకు వ్యాన్ నెలపాటు కదల్లేదు, దీపం మాత్రం ఆర్పలేదు. బయల్దేరే పొద్దున తోసినా బండి స్టార్ట్ కాలేదు. బ్యాటరీ చార్జింగ్ చేయించి తెచ్చేసరికి ముహూర్తానికి అందే వీలు లేకపోయింది.

పోయినసారి వచ్చినప్పుడు నా గొడుగు మీ ఇంట్లోనే ఉండిపోయింది, ఎవరైనా ఇటు వస్తే పంపు. బావగారికి నమస్కారాలు, పాపకు ముద్దులు. మేనమామ ఒళ్ళో కూర్చోవలసిన పిల్లను చివరికి ఎవరి ఒళ్ళో కూర్చోబెట్టారు?

తమ్ముడు
ఉమామహేష్