గోడలు దాటిన గొంతు

మావయ్యా,

ఈ ఉత్తరం అమ్మకు చూపించకు.

"నచ్చనిది కడుపులో పెట్టుకోకు, రాసి పడెయ్" అని నన్ను యూనివర్సిటీకి పంపేటప్పుడు నువ్వే అన్నావు. అలాగే రాశాను. రీడింగ్ రూమ్ కింద హాల్లో వార్షికోత్సవం పాటల రిహార్సల్ పెట్టారు, ఆ గోలలో ఒక్క ముక్కా బుర్రకెక్కడం లేదని సలహాల పెట్టెలో చీటీ వేశాను. ఇక్కడ తప్పు ఎత్తి చూపినవాళ్ళకే ఆ పని అప్పగిస్తారని నాకేం తెలుసు? మర్నాడు విద్యార్థి వార్తల బోర్డు మీద రిహార్సల్ ఇన్‌ఛార్జిగా నా ఫోటో!

గోల తగ్గిద్దామనే వెళ్ళాను, ఒట్టు. తలుపులు మూయించాను, డ్రమ్ముల మీద దుప్పటి కప్పించాను. ఆ రోజే పాడే అమ్మాయికి గొంతు పట్టేసింది. "ఈ ఒక్క పూట నువ్వు అందుకోవే" అన్నారు. అందుకున్నాను. ఇక నేనే వదల్లేదు. పరీక్షలు ముంచుకొస్తున్నాయి, పుస్తకం తెరిస్తే పాటే వినిపిస్తోంది.

ఇన్‌ఛార్జిని కదా, నిన్న సలహాల పెట్టె తెరిస్తే ఇంకో చీటీ. "మిగతావాళ్ళని ఎలాగో భరిస్తున్నాం. ఆ కొత్తమ్మాయి గొంతు మాత్రం గోడలు దాటి వస్తోంది" అని. కోపం రావాలి కదా? రాలేదు. గోడలు దాటి వస్తోందన్న మాట మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

చీటీని ఆఫీసులో ఇస్తే ఇక్కడి పద్ధతి ప్రకారం నా పని ఆ రాసినవాళ్ళకి పోతుంది, నేను హాయిగా చదువుకోవచ్చు. ఇవ్వాలా, వద్దా? ప్రస్తుతానికి పాఠ్యపుస్తకంలో దాచాను. ఈమధ్య ఆ పుస్తకంలో నేను చదువుతున్నది ఆ చీటీ ఒక్కటే.

ఏం చెయ్యను మావయ్యా?

నీ మాట విని ఇరుక్కుపోయిన
మేనకోడలు