లారీ కింద రెండో ఉయ్యాల

బావా,

నువ్వు పోయాక ఇదే మొదటి చలికాలం. మిర్యాలగూడలో మిల్లు ముందు వడ్ల లారీల లైను ఎప్పటిలాగే కదలడం లేదు. నిన్న సాయంత్రం ముసురు పట్టింది. లారీ కింద ఒక పక్కన నా గుడ్డ ఉయ్యాల కట్టుకుని, అలవాటు కొద్దీ నువ్వు కట్టుకునే పక్క ఖాళీగా వదిలేశాను.

వెనక లారీ డ్రైవర్‌ది పెన్‌పహాడ్. ఈ పనికి కొత్త. తన లారీ కింద నీళ్లు నిలిచాయట, దుప్పటి కప్పుకొని వణుకుతూ వచ్చాడు.

"అన్నా, ఈ పక్క ఖాళీగనే ఉంది గదా. నా ఉయ్యాల గీడ కట్టుకోనా?"

కాదనడానికే నోరు తెరిచాను. వచ్చిన మాట వేరు.

"కట్టుకో. మీద ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా చలి కిందికెల్లి వస్తది. ముందు ఉయ్యాల కింద గోనెసంచులు కట్టు. తాడుకు గుడ్డపీలిక ముడెయ్యి, వాన నీళ్లు గాడనే కారిపోతయ్."

అన్నీ నీ మాటలే. నువ్వు కలిపి కుట్టిన సంచులే క్యాబిన్‌లోంచి తీసి ఇచ్చాను. ఇంకా తవుడు వాసన పోలేదు.

పొద్దున అతను పొడిగా, వెచ్చగా లేచాడు. ఇన్ని నెలలకు నేనూ కంటినిండా నిద్రపోయాను బావా. అతనూ నీలాగే గురక పెడతాడు.