నిప్పురవ్వ రాని మోటారుకు వారసులు

ఉత్తర ఆర్కాటు జిల్లా గుడియాత్తంలో కాపురముంటూ, అక్కడికీ వేలూరుకీ మధ్య బాడుగ మోటారు నడుపుకునే దొరైస్వామి నాయుడు అనే నేను, యాభై ఎనిమిదో ఏట, ఎవరి పోరూ లేకుండా, తెలివి తెలివిగానే ఉండగా నా చేత్తో రాసిపెడుతున్న వీలునామా ఇది. తెలివి బాగుంది గానీ గుండె బాగాలేదు. ఇక హ్యాండిలు తిప్పినా, స్టీరింగు పట్టినా ప్రాణానికి పూచీ లేదని వేలూరు డాక్టరు చెప్పాడు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. నా మోటారు పదిహేను రోజులుగా కొట్టంలో మూగగా పడి ఉంది. నా కూతురు జయకు నొప్పులు వచ్చే వేళకు అది కదలదేమో.

జయకు నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగి ఉందనీ, కాన్పు వేలూరు ఆడవాళ్ళ ఆసుపత్రిలోనే జరగాలనీ మంత్రసాని ఆరోకియమేరి మూడుసార్లు చెప్పింది. ఆసుపత్రివాళ్ళు వచ్చే సోమవారం రమ్మన్నారు. నొప్పులకు వారాలు తెలుస్తాయా? రెండేళ్ళ కిందట మొదటి కాన్పుకు ఎద్దుబండిలో తీసుకుపోతుంటే విరించిపురం దాటకముందే బిడ్డ పోయాడు. ఆ నెలలోనే చెరకు మడి అమ్మి ఈ పాత మోటారు కొన్నాను. రైలు ఉంది కదా అనేవాళ్ళకు ఒక మాట: స్టేషను ఊరికి దూరం, కాట్పాడిలో దిగి మళ్ళీ జట్కా ఎక్కాలి, రైలు ఎవరి నొప్పుల కోసమూ ఆగదు.

1. ఇల్లు, పెరడు నా భార్య మునిరత్నమ్మకు. వంటింటికి పొగగొట్టం పెట్టిస్తానని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను, ఆమె దగ్గుతూనే ఉంది. నా వాళ్ళు ముందు ఆ పొగగొట్టం పెట్టించి, తర్వాతే నాకు కర్మలు చేయాలి.

2. మా అన్న దేవరాజులుకు నా పాత ఎద్దుబండి. మోటారు కొన్ననాడు ఆయన నా వాకిట్లో నిలబడి, "కాన్పుకు పొయ్యే ఆడదానికి మోటారా? మనమ్మ యా మోటార్లో పోయి నిన్ను కనిందిరా?" అన్నాడు. విరించిపురం దగ్గర ఆ బిడ్డను బండిలోంచి దించింది నేను. ఆ బండి ఇక ఆయనే ఉంచుకోవచ్చు.

3. నాతో రెండేళ్ళు మోటారు నడిపిన లత్తేరి కాశికి ఏమీ ఇవ్వడం లేదు. ఆయుధపూజ మర్నాడు మోటారు పలకలేదు. ప్లగ్గులకు నిప్పు పంపే మాగ్నెటో మూత తీసి చూస్తే, లోపలి రెండు ప్లాటినం మొనలూ మెరుపు పోయి మట్టిరంగులో ఉన్నాయి. ప్లాటినం బంగారం కంటే ప్రియం. దాన్ని కాజేసి తగరం అతికించావని వీధిలో నలుగురి ముందూ కాశిని నిలదీశాను. "నా బిడ్డ మీద ఒట్టన్నా, నేను దాన్ని ముట్టనే లేదు" అన్నాడు. ఇక నా గడప తొక్కవద్దన్నాను.

4. మోటారు నా అల్లుడు చిన్నరాజుకు. ఇతను బెల్లం మండీలో గుమాస్తా, బండిని చూస్తే పొడిచే ఆవును చూసినట్టు దూరంగా నిలబడతాడు. కాబట్టి రాసిపెడుతున్నాను. నాయనా, ఒక ప్లగ్గు విప్పి, తీగ తగిలించే ఉంచి, ఇంజను ఇనుము మీద పడుకోబెట్టి హ్యాండిలు తిప్పించు. ప్లగ్గు మొనలో నీలిరవ్వ చిట్లితే నిప్పు బాగున్నట్టే, పెట్రోలు దారి చూసుకో. చిట్లకపోతే మిగతా మూడూ అలాగే చూడు. నాలుగూ ఒకేసారి చావవు గనుక తప్పు మాగ్నెటోలో ఉంటుంది. అప్పుడు బండిని ఆపే స్విచ్చు తీగను మాగ్నెటో నుంచి ఊడదియ్యి. ఆ తీగ ఒరుసుకుపోయి ఇనుముకు తగిలితే నిప్పు అక్కడే ఇంకిపోతుంది. అదీ కాకపోతే మూత తీసి, మొనలు రెండూ కలిసి విడిపోతున్నాయో లేదో చూడు. విడినప్పుడు సందు పోస్టుకార్డు మందం ఉండాలి.

ఇవన్నీ నేను చూశాను, తీగా సందూ సరిగ్గానే ఉన్నాయి, ఇక ఆ మొనలే మార్పించాలి. వేలూరు మోటారు షెడ్డువాళ్ళు మోటారుకు ఎడ్లు కట్టి లాక్కురమ్మన్నారు. అది దేవరాజులు కంట పడుతుందని సిగ్గుపడి ఇన్ని రోజులు పాడుచేశాను.

5. పై అంశం రాస్తూ, మొనలు చూపిద్దామని అల్లుడి చేత మూత తీయించాను. అతను ఊరుకోక గోటితో గీకాడు. మట్టిరంగు గోటికి వచ్చింది, కింద ప్లాటినం తెల్లగా మెరిసింది. గోరు వాసన చూసి, "మామా, ఇది గంధం. ఇంజను లోపల గంధం పూసినోళ్ళు ఎవురు?" అన్నాడు.

పూసింది నేనే. ఆయుధపూజకు అందరూ చక్రాలకూ లాంతర్లకూ బొట్లు పెడతారు. నిప్పు పుట్టే చోటికే మొక్కాలని నాకు తోచింది. ఎవరూ రాకముందు మూత తీసి, ఆ రెండు మొనలకూ గంధం పెట్టి దండం పెట్టుకున్నాను. అది ఎండి కరెంటును దాటనివ్వలేదు. బొట్టు పెట్టిన సంగతి కాశిని తిట్టేటప్పుడు నాకు గుర్తే రాలేదు. ఇవాళ పెట్రోలు గుడ్డతో తుడిచి అల్లుడి చేత తిప్పిస్తే నీలిరవ్వ టక్కున చిట్లింది. నాకు సంతోషం కలగలేదు, కాశి వేసిన ఒట్టు గుర్తొచ్చింది.

6. మూడో అంశం రద్దు చేస్తున్నాను, కానీ సిరా పూసి దాచను. నేనెలాంటి మాట అన్నానో అందరూ చదవాలి. నాలుగో అంశంలోని మోటారును, అల్లుడి ఒప్పుదలతో, కాశికి ఇస్తున్నాను. నిప్పు వచ్చింది గానీ నడిపేవాడు లేడు. కాశిని తీసుకురమ్మని తొమ్మిది గంటల రైలుకు చిన్నరాజును లత్తేరికి పంపాను. అతను వెళ్ళిన గంటకే జయకు నడుము నొప్పి మొదలైంది. ఉత్త నొప్పేమో అంటుంది మునిరత్నమ్మ. ఆరోకియమేరి అప్పుడే గుడ్డలు మూట కడుతోంది, అదే నాకు భయంగా ఉంది. కాశి రాకపోతే నేనే నడుపుతాను. దారిలో స్టీరింగు మీద నేను ఒరిగిపోతే వెనక ఉన్న జయ గతేమిటి?

7. కాన్పు కష్టమైన ఏ ఆడమనిషినైనా, ఏ కులమైనా, ఈ బండి ముందు వేలూరు చేర్చాలి, బాడుగ అడగరాదు. కాశికి చదువు రాదు. తిట్టింది వీధిలో గనుక మూడు, అయిదు అంశాలు అదే వీధిలో నలుగురి ముందూ చదివి వినిపించాలి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత ఎదురింటి మునుస్వామిది.

8. మధ్యాహ్నం రెండున్నర. చిన్నరాజు వెంట కాశి వచ్చాడు. నేను కాగితం ఎత్తుకుని చదవబోయాను. "అది మళ్ళీ చదువుదువులే అన్నా. జయ పాప నొప్పి పడతా ఉండాది, పక్కకు జరుగు" అన్నాడు. నన్ను క్షమించాడో లేదో తెలియదు, అడిగే మొహం నాకు లేదు. ఒక్క తిప్పుకే ఇంజను పలికింది. జయనూ తల్లినీ వెనక కూర్చోబెట్టాం. ఆరోకియమేరి సాక్షి సంతకం చేసి వాళ్ళ పక్కన ఎక్కాలి. కాశి హారను కొడుతున్నాడు. నా సంతకం వణికిందని రేపు కోర్టులో ఎవరూ అనుమానపడనక్కర్లేదు. కాగితాన్ని నడుస్తున్న ఇంజను మీద పెట్టి చేశాను.

1931వ సంవత్సరం నవంబరు 4వ తేదీ, బుధవారం, గుడియాత్తం.

(సంతకం) దొరైస్వామి నాయుడు

సాక్షులు:
మునుస్వామి, తపాలా బంట్రోతు, ఎదురిల్లు
ఆరోకియమేరి, మంత్రసాని