గోడ మీద తమ్ముడి ఫొటో

సెల్లి సూర్యకళకి అప్ప వాట్సాప్‌లో రాత్తన్నాది. పూర్ణా మార్కెట్లో నానూ, నా ఎండుసేపల కొట్టూ బాగానే ఉన్నాం.

తమ్ముడు ఎల్లాజీ నిన్న హైదరాబాద్ నుంచి వచ్చేసినాడు. సీరియల్లో ఆడి డ్రైవరు ఏసం అయిపోనాదంట. పోయిన వారం ఆడొక్కడికే కొత్త సొక్కా తొడిగి ఫొటో తీసినారు కదా, "నా ఏసం పెంచుతన్నారప్పా" అని మనందరికీ పంపినాడు కదా. అది దండెయ్యడానికి తీసిన ఫొటోనంట! మర్నాడు సెట్‌కెళ్తే గోడ మీద ఆడి ఫొటో, గంధం దండ, ముందు దీపం. "యాక్సిడెంట్లో పోయావయ్యా, ఇంక రానక్కర్లేదు" అని మేనేజరు నవ్వుతా సెప్పినాడంట. ఇన్నేళ్లూ కారు తలుపు తీసినోడికి సచ్చే సీనైనా ఇవ్వలేదు.

ఇప్పుడు నా కొట్లోనే కూకున్నాడు. ఒకావిడ గుర్తుపట్టి, "డ్రైవరు బాబువి కదా! ఈ రోజు ఏటవుతాది?" అంది. ఆడు ఎండు నెత్తళ్లు పొట్లం కట్టిచ్చి, "టీవీలో సూడండమ్మా" అన్నాడు.

నువ్వు బేగి ఒక పని సెయ్యి. సీరియల్లో ఆ ముక్క ఈ సాయంత్రమే వత్తాది. అమ్మ టీవీ ముందు కూకోకముందే కేబులు వైరు పీకెయ్యి. బతికున్న కొడుకు ఫొటోకి దండ సూత్తే తట్టుకోలేదు. అదే ఫొటో ఫ్రేము కట్టించి గోడకెట్టుకున్నాది కదా, అదీ తీసి దాసెయ్యి. అడిగితే అద్దం పగిలిందని సెప్పు.

అమ్మ బీపీ మాత్రలు ఏసుకుంటన్నాదా? నీ సిన్నోడి దగ్గు తగ్గినాదా? పిల్లలు సల్లగా ఉండాల.

గోడకి మేకు మాత్రం పీకకు. ఆడు మళ్లీ నవ్వినప్పుడు ఇంకోటి తీసి పంపుతాను.

మీ గంగాలమ్మప్ప